సున్నాకి ముందు గోడ

మావయ్య గురించి ఒక్క ముక్క ముందే చెప్పేస్తాను, తర్వాత నన్నేమీ అనకండి. బూట్లు కుట్టడంలో ఆయన చెయ్యి ఎంత వాటమైనదో, మనసులో మాట బయటపెట్టడంలో ఆయన నోరు అంత పనికిమాలినది. తోలు మీద కత్తి పెడితే వెంట్రుకవాసి తేడా రాదు. అదే ఎదుటి మనిషితో "నువ్వుంటే బాగుంటుంది" అని రెండు మాటలు అనాల్సి వస్తే నీళ్ళు నములుతాడు, దగ్గుతాడు, చివరికి పాలిష్ డబ్బా మూత తీసి అక్కడున్న ఏదో ఒక బూటుని తుడవడం మొదలుపెడతాడు. ఈ కథలో కష్టమంతా అక్కడే వచ్చింది.

నిజానికి ఆయన ఆ వీధికంతటికీ మావయ్య కాడు. ఒక్క పిల్లకే మావయ్య. కానీ ఆ పిల్ల కొట్టు గుమ్మంలో కూర్చుని పొద్దస్తమానం "మావయ్యా, మావయ్యా" అని ఎంత గట్టిగా పిలిచేదంటే, వీధి వీధంతా ఆ పిలుపునే పట్టుకుంది. ఎదురు కొట్లో గడియారాలు బాగుచేసే ఆయన వయసులో మావయ్య కంటే పెద్దవాడు, ఆయనా మావయ్యా అనే పిలుస్తాడు. ఆ పిల్లకి అసలు పేరంటూ ఉండే ఉంటుంది. బళ్ళో తప్ప ఎవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. అందరికీ అది వాగుడుకాయే.

వాగుడుకాయ మావయ్య చెల్లెలి కూతురు. బావది ఊళ్ళు పట్టుకు తిరిగే ఉద్యోగం. అందుకని చెల్లెలు కాన్పుకి అన్నయ్య దగ్గరికే వచ్చింది. పిల్ల పుట్టగానే మావయ్య దాని పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ సుద్దతో గీశాడు. దుకాణంలో ఉన్నవాటిల్లోకెల్లా మెత్తని తోలు తీసి, వేలెడంత బూట్ల జత కుట్టాడు. సోలు కింద చిన్నగా సున్నా చెక్కాడు.

"అన్నయ్యా, మొదటి జత కదా, ఒకటి వెయ్యక సున్నా ఏమిటి?" అంది చెల్లెలు.

"ఇంకా ఒక్క అడుగైనా వెయ్యలేదు కదే. నడవనీ, ఒకటి వేస్తా," అన్నాడు మావయ్య.

పిల్ల నడిచింది. ఒకటి కుట్టాడు. ఆ తర్వాత చెల్లెలికి జబ్బు చేసింది, కోలుకోలేదు. బావ పిల్లని వెంటేసుకుని తిరగలేక, "కొన్నాళ్ళు నీ దగ్గరుంచు బావా" అని బతిమాలాడు. పెళ్ళీ పెటాకులూ లేని మావయ్యకి అలా ఒక పిల్ల దొరికింది. ఏడాదికో జత, ఏడాదికో అంకె. బిగుతైపోయిన జతని పారెయ్యబుద్ధి కాక పొడుగు గోడకి ఒక చెక్క కొట్టి, దాని మీద వరసగా పెట్టేవాడు. ఎడమ చివర, పక్కగోడకి ఆనుకుని సున్నా. అక్కణ్ణుంచి తలుపువైపుగా ఒకటి, రెండు, మూడు.

ఒకరోజు బళ్ళో పూర్ణాంకాలు, అంటే సున్నా నుంచి ఒకటి, రెండు అని సాగే సంఖ్యలు, మొదలుపెట్టారు. ఇచ్చిన ప్రతి సంఖ్యకీ పూర్వ సంఖ్య, ఉత్తర సంఖ్య రాసుకు రమ్మన్నారు. వాగుడుకాయ సంచీ విసిరికొట్టి మావయ్య పనిబల్ల ఎక్కి కూర్చుంది.

"అవేంటో నాకు తెలీదు మావయ్యా. పంతులమ్మ చెప్పేటప్పుడు నేను మాట్లాడుతున్నా."

మావయ్య చేతిలో పని పక్కన పెట్టి చెక్క మీంచి ఒక బూటు తీశాడు. "ఇదెంత?"

"నాలుగు."

"దీనికి గోడవైపు ఏముంది?"

"మూడు. ఎర్ర లేసులది."

"అదే పూర్వ సంఖ్య. ఒకటి తగ్గించు, వచ్చేస్తుంది. మరి తలుపువైపు?"

"ఐదు."

"అది ఉత్తర సంఖ్య. ఒకటి కలుపు, అంతే. నాలుగైనా సరే, నాలుగు వందలైనా సరే, గోడవైపు ఒకటి తక్కువ, తలుపువైపు ఒకటి ఎక్కువ."

వాగుడుకాయ తన కాళ్ళకున్న ఏడుని విప్పి చెక్క మీద చివర పెట్టి చూసింది. "ఏడుకి తలుపువైపు ఏం లేదుగా."

"ఇంకా కుట్టలేదు. కుట్టనంత మాత్రాన ఎనిమిది లేకుండా పోతుందా?"

"అయితే అన్నిటికంటే చివరిది ఏది?"

"చివరిదంటూ ఉండదే. ఎంత పెద్దది చెప్పినా దానికి ఒకటి కలిపేస్తే ఇంకోటొస్తుంది."

"చెక్క అయిపోతే?"

"ఇంకో చెక్క కొడతా."

"తలుపు అడ్డొస్తే?"

"తలుపు మీంచి తిప్పి అవతలి గోడకి కొడతా. తల తినకు, రాసుకో."

అది రాసుకుంటే ఇంకేం. బల్ల దిగి సున్నా దగ్గరికి వెళ్ళి, దానికి ఎడమపక్కన అరచెయ్యి ఆనించింది. "సున్నాకి ముందు గోడ," అంది. అవునంతే, అటు ఇంకేం లేదు అన్నాడు మావయ్య, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. సున్నాకు పూర్వ సంఖ్య ఏది అని అడిగితే ఈ మహాతల్లి గోడ అని రాసి వచ్చింది. పంతులమ్మ కబురు పెడితే మావయ్య చేతులకి అంటిన నల్లరంగైనా కడుక్కోకుండా బడికి పరిగెత్తాడు.

"సున్నాకి పూర్ణాంకాల్లో పూర్వ సంఖ్య లేదు అని రాయాలండీ," అంది పంతులమ్మ.

"గోడంటే అదేగా అమ్మా. అటు ఇంక లేదనేగా," అన్నాడు మావయ్య.

పంతులమ్మ నవ్వు ఆపుకోలేక అర మార్కు వేసింది. మిగతా అర మార్కు గోడకి పోయిందని వాగుడుకాయ వీధిలో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పుకు తిరిగింది.

ఆ సంవత్సరమే బావ వచ్చాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట, ఒకచోట ఇల్లు కుదిరిందట, పిల్లని తీసుకుపోతానన్నాడు. బావ చెడ్డవాడేం కాదు. కన్నబిడ్డ తన దగ్గరుండాలనుకోవడం తప్పెలా అవుతుంది? మావయ్యకి, వద్దు బావా, అది లేకపోతే ఈ కొట్లో నేనుండలేను అని నోటిదాకా వచ్చింది. తీరా నోరు తెరిచేసరికి, "మంచిదేగా బావా, తల్లి నీడ దొరుకుతుంది" అని వచ్చింది. చెప్పానుగా, పనికిమాలిన నోరని.

అప్పటికే కుట్టి పెట్టిన ఎనిమిదిని తీసి పిల్ల కాళ్ళకి తొడిగాడు. కాస్త వదులుగా ఉంటే ముందు దూది కుక్కాడు. లేసులు కడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "ఇవి బిగుతవగానే వచ్చెయ్. తొమ్మిది కుట్టి ఉంచుతా."

"బిగుతైతే రావాలి. అంతేగా?"

"అంతే."

ఆయన లెక్క ఆయనది. పెరిగే పిల్ల, ఏడాది తిరక్కుండా ఎనిమిది బిగుతవుతుంది, ఆ వంకన ఎవరో ఒకరు తీసుకొస్తారు అనుకున్నాడు. తొమ్మిది కుట్టి చెక్క మీద పెట్టాడు. ఎవరూ రాలేదు. పది కుట్టాడు.

"వెళ్ళి చూసి రావచ్చు కదయ్యా," అనేవాడు గడియారాలాయన.

"అక్కడ అలవాటు పడుతోంది కదా, మనం వెళ్ళి చెడగొట్టడం ఎందుకు? తొమ్మిది కోసం అదే వస్తుంది."

పౌరుషమో భయమో ఆ పైవాడికే తెలియాలి. నన్నడిగితే రెండూను. వెళ్ళాక పిల్ల తనని చూసి మొహం తిప్పుకుంటే? ఆ ఊహ వస్తే చాలు, ఎక్కిన బస్సు కూడా దిగిపోయేవాడు. చివరికి గుండె చిక్కబట్టుకుని వెళ్ళేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు. బావకి మళ్ళీ బదిలీ అయిందట. ఏ ఊరికో వాళ్ళకి తెలియదు.

అప్పణ్ణుంచీ ఆయనకి మిగిలింది ఆ వరసే. ఏడాది రాగానే ఒకటి కలపడం, ఇంకో జత కుట్టడం. చెక్క అయిపోయింది, ఇంకోటి కొట్టాడు. తలుపు అడ్డొచ్చింది, తలుపు మీంచి తిప్పాడు. బూట్లు పెద్దవవుతూ పోయాయి. రెండు పదులు దాటిన జతల్ని చూసి వచ్చేపోయేవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఇదెవరికయ్యా, ఏనుక్కా?" అన్నాడు ఒకసారి గడియారాలాయన. "ఆడపిల్ల కాలు ఓ వయసొచ్చాక ఆగిపోతుందని బూట్లవాడివి నీకు నేను చెప్పాలా?"

"తెలుసు," అన్నాడు మావయ్య. "ఎక్కడ ఆగిందో తెలీదు. కాలు చూడకుండా నేనెక్కడ ఆపను?"

గడియారాలాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కొలత దొరికే కాలు ఎదురుగా ఉంటే మావయ్యంత నిక్కచ్చి మనిషి లేడు. ఈ ఒక్క కాలి విషయంలో ఆయన దగ్గరున్నది ఒకటి కలపడమనే సూత్రం ఒక్కటే. అదీ మానేస్తే పిల్లని వదులుకున్నట్టేనని ఆయన భయం.

మొన్న ఒక ఉదయం గడియారాలాయన రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చాడు. ఆ వయసులో ఆయన పరిగెత్తగా చూడటం అదే మొదలు. "ఫోను. నీకే. త్వరగా రా," అన్నాడు రొప్పుతూ.

మావయ్య రిసీవరు చెవికి పెట్టుకున్నాడు.  "మావయ్యా, నేను. వాగుడుకాయని," అంది ఒక పెద్దామె గొంతు. చిన్నప్పుడు గుమ్మంలో కూర్చుని ఎదురు కొట్టు బోర్డు మీది నంబరు చదివి చదివి నోటికి వచ్చేసిందట, ఇంకా మర్చిపోలేదట. రేపు వస్తున్నానంది. మావయ్య "సరే" అన్నాడు. ఇన్నేళ్ళ ఎదురుచూపుకి ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదీ.

ఆ రోజంతా ఏ పనీ చెయ్యలేదు. నిచ్చెనేసుకుని ఒక్కో జతా దించి దుమ్ము దులిపాడు, మళ్ళీ ఎక్కడిది అక్కడ పెట్టాడు. ఆయన కోరిక పెద్దదేం కాదు. తను కుట్టిన వాటిల్లో ఒక్క జతైనా తన చేత్తో ఆ పిల్ల కాళ్ళకి తొడగాలి. ఆ తర్వాత ధైర్యం చాలితే ఒక్క మాట అడగాలి, తొమ్మిది కోసం ఎందుకు రాలేదని. మర్చిపోయాననే జవాబు వస్తే తట్టుకోవడానికి మనసుని అప్పటికే రాయి చేసుకున్నాడు, లేదా చేసుకున్నాననుకున్నాడు.

ఆమె వచ్చింది. చంకలో పాప. మావయ్య చూపు అలవాటుగా ముందు కాళ్ళ మీదికే వెళ్ళింది, పాత రబ్బరు చెప్పులు. తర్వాత మొహం చూశాడు. అచ్చం చెల్లెలే. ఆయనకి కళ్ళు మసకబారాయి. ఆమె మాత్రం ఒక్క మాటా లేకుండా గుమ్మంలోనే నిలబడి గోడల చుట్టూ తిరిగిన చెక్కని చూస్తోంది. వాగుడుకాయ అంతసేపు నోరు మూసుకోవడం ఆ కొట్టు ఎప్పుడూ ఎరగదు.

"ఇవన్నీ ఎవరివి మావయ్యా?"

"నీవే."

ఆమె పాపని గడియారాలాయన చేతికిచ్చింది. ఆయన ఏదో పనున్నట్టు అక్కడే తచ్చాడుతున్నాడు లెండి. కుర్చీలో కూర్చుని చెప్పులు విప్పి, అన్నిటికంటే చివరి జతలో కాలు పెట్టింది. కాలు అందులో ఎక్కడికో పోయింది.

"ఇందులో నేనూ పాపా కలిసి పడుకోవచ్చు," అంది. అందరూ నవ్వారు. మావయ్య కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి.

"గోడవైపు పోదాం," అంది ఆమె. "ఒకటి తగ్గించు."

ఒకటి తగ్గించాడు. వదులే. ఇంకోటి. అదీ వదులే. ఒక్కో జతా తొడిగినప్పుడల్లా ఆ వయసుకి తనెక్కడుందో చెప్పడం మొదలుపెట్టింది. ఇరవై మూడుకి పెళ్ళైంది. ఇరవైకి ఉద్యోగంలో చేరింది, మొదటి రోజు వాన, చెప్పు తెగిపోయి ఉత్త కాళ్ళతో వెళ్ళింది. పదిహేడుకి నాన్న పోయాడు. మావయ్య చేతులు ఆగిపోయాయి. బావ పోయిన సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.  తర్వాత ఆయనే పదహారు అందుకున్నాడు.

పద్నాలుగు పట్టింది. ఎడమ కాలికి చేత్తో కొలిచినట్టు సరిపోయింది. మావయ్య ముఖం వెలిగిపోయింది. నేల మీద కూర్చుని కుడి కాలికి తొడగబోతే, పక్కన ఎక్కడో పట్టేసింది. బూటు తీసి ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. చిటికెన వేలు వంకరపోయి పక్క వేలి కిందికి దూరి ఉంది.

అది పుట్టినప్పటి నుంచీ ఎనిమిదేళ్ళు ఈ పాదాన్ని ఏటా ఆయనే కొలిచాడు. ఆ వేలు తిన్నగా ఉండేది. బిగుతు బూటు చాలాకాలం నొక్కితే తప్ప వేలు అలా వంగదని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇదెలా అయింది?"

ఆమె కాలు వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు.

"ఎనిమిదే మావయ్యా. బిగుతైపోయింది. నేనెవరికీ చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నాన్న బజార్లో కొత్తవి కొనేసేవాడు కదా. బిగుతైతే నీ దగ్గరికి రావాలని నువ్వన్నావు. ఇంకా ఇంకా బిగుతైపోతే, ఇంక లాభం లేదని వాళ్ళే నన్నిక్కడికి తీసుకొస్తారనుకున్నా. కుంటుకుంటూనే బడికెళ్ళేదాన్ని. ఒకరోజు పిన్ని చూసింది. కాలికి పట్టేస్తే కత్తెరతో కోసి తీసింది. పాపం, వేణ్ణీళ్ళు పెట్టి కాళ్ళు కడుగుతూ తనూ ఏడ్చింది. బూటు కోసేశావని నేను తనతో చాలా రోజులు మాట్లాడలేదు. తర్వాత నువ్వే వస్తావని చూశా. నువ్వు రాలేదు, కోపం వచ్చింది. కోపం తగ్గేసరికి సిగ్గేసింది, ఇన్నాళ్ళయ్యాక ఏ మొహం పెట్టుకుని రానని. పాప పుట్టాక దాని కాళ్ళు చూస్తుంటే ఇంక ఉండలేకపోయా."

మావయ్య ఆ వేలిని బొటనవేలితో నిమురుతూ ఉండిపోయాడు. ఎవరి కాలికీ నొప్పి పుట్టకూడదనే కదా ఆయన బతుకంతా ఈ బల్ల ముందు వంగి కూర్చుంది. తీరా తను ప్రాణంగా పెంచిన పిల్ల వేలు వంకరపోయింది తన బూటు వల్ల, తను అన్న ఒక్క మాట వల్ల. ఉండిపో అని అనలేక, బిగుతైతే రా అన్నాడు. పసిది దాన్నే పట్టుకుని వేలాడింది.

"నేను రావాల్సింది," అన్నాడు.  "తప్పు నాదే తల్లీ. నేనే రావాల్సింది."

గడియారాలాయన పాపని ఎత్తుకుని వాకిట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె కుర్చీ దిగి నేల మీద మావయ్య పక్కన కూర్చుని, ఆయన భుజానికి తల ఆనించింది. కుడి బూటు చిటికెన వేలి దగ్గర తోలుని ఆయన తడిపి, పాదం ఆకారంలో ఉండే చెక్క అచ్చు మీద సాగదీసి, ఆమె వేలికి సరిపడా చోటు చేశాడు.  ఈసారి రెండు కాళ్ళకీ పట్టింది.

"ఇంకోటి కావాలి మావయ్యా," అందామె లేచి నిలబడి. "సున్నా."

"పాప నడుస్తోందా?"

"ఇంకా లేదు."

"అయితే సున్నాయే."

గోడ పక్క నుంచి ఆ వేలెడంత జతని తీసుకొచ్చాడు. పాతబడి గట్టిపడ్డ తోలుకి నూనె పట్టించి, మెత్తబడేదాకా వేళ్ళతో నలిపాడు. పాప కాళ్ళకి తొడిగితే అది ఒక కాలు పైకెత్తి నోట్లో పెట్టుకోబోయింది. లేసులు ముడేస్తూ మావయ్య అలవాటుగా, "ఇవి బిగుతవగానే..." అని మొదలుపెట్టి టక్కున ఆగిపోయాడు. దగ్గాడు. చెయ్యి పాలిష్ డబ్బా వైపు వెళ్ళింది. సగంలోనే వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు రానక్కర్లేదు," అన్నాడు. "ఒకటి పట్టుకుని నేనే వస్తా. ఎక్కడుంటారో చెప్పు."

ఆమె బల్ల మీది సుద్దముక్క తీసుకుంది. చెక్క ఎడమ చివర, సున్నా తీసేసిన ఖాళీ పక్కన, గోడ మీద ఇంటి నంబరు, వీధి, ఊరు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రాసి, చిన్నప్పటిలాగే అక్కడ అరచెయ్యి ఆనించి మావయ్య వైపు చూసింది. ఆయన తలూపాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక మావయ్య ఒకటిని దించి నూనె పట్టించడం మొదలుపెట్టాడు. గడియారాలాయన చూసి, "పాప నడిచేసరికి ఇంకా చాన్నాళ్ళు పడుతుంది కదయ్యా, అప్పుడే ఎందుకు?" అన్నాడు.

"ఎల్లుండి బస్సుకి వెళ్తున్నా," అన్నాడు మావయ్య. "బిగుతయ్యేదాకా ఆగకూడదు."